డ్రైవర్ సీటు వల్ల కాళ్లు పీకుతుంటే: జేబులో పర్సు నుంచి సీటు లోపలి ఫోమ్ దాకా, ఏది ముందు ఏది తర్వాత

విశాఖలో కూర్మన్నపాలెం వైపు నుంచి మధురవాడకి రోజూ కారులో వచ్చే వాళ్లం మా ఆఫీసులో అరడజను మందిమి ఉన్నాం. వెళ్లడానికి దగ్గర దగ్గర ముప్పై కిలోమీటర్లు, రావడానికి ముప్పై, మధ్యలో గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక. లంచ్ బాక్సులు తెరిచే లోపే మొదలవుతుంది గోల: ఒకరికి కుడి తొడ పీకుతోంది, ఒకరికి ఎడమ మోకాలు లాగుతోంది, ఇంకొకరికి పిక్క పట్టేసింది. ఆఖర్న అందరూ అడిగేది మాత్రం ఒకటే, "ఏ కుషన్ కొనమంటావ్?"

ఏదీ కొనొద్దు, కనీసం ఇప్పుడే కొనొద్దు. నేను మూడు కొన్నాను. జెల్‌ది ఒకటి, నడుము దగ్గర పెట్టుకునేది ఒకటి, మధ్యలో కన్నం ఉన్నది ఇంకొకటి. జెల్‌ది ఇప్పుడు మా అమ్మ పూజ గదిలో పీట మీద వేసుకుంటోంది, మిగతా రెండూ అటక మీద ఉన్నాయి. నా కాలు నొప్పి తగ్గింది మాత్రం ఒక పాత తువ్వాలుతో అసలు సంగతి తెలిశాక, ఆ తర్వాత ఆటోనగర్‌లో ఒక పూట కూర్చుని సీటు విప్పించాక.

వరుస తప్పితే అసలు దేని వల్ల తగ్గిందో, దేని వల్ల పెరిగిందో తెలియదు. అందుకని కింద చెప్పినవి అదే వరుసలో చేయండి. ఒకసారి ఒక్కటే మార్చి, రెండు మూడు రోజులు నడిపి చూసి, అప్పుడు తర్వాతదానికి వెళ్లండి.

## 1. ముందు నొప్పి ఎక్కడో పట్టుకోండి

"కాలు నొప్పి" అని ఊరుకుంటే పని జరగదు. కారు దిగగానే నొప్పి ఉన్న చోట వేలు పెట్టి చూసుకోండి, ఏ వైపో ఎక్కడో ఫోన్లో రాసుకోండి. నాలుగు రోజులు రాస్తే చాలు, తప్పు ఎక్కడుందో సగం బయటపడుతుంది.

- తొడ వెనక, మోకాలి మడతకి కాస్త పైన నొప్పి లేదా తిమ్మిరి: సీటు ముందు అంచు తొడని కింద నుంచి నొక్కుతోంది. ముందు భాగం మరీ ఎత్తుగా ఉండొచ్చు, లేదా వెనక భాగం కుంగిపోయి ఉండొచ్చు. ఎక్కువ మందికి ఉండేది ఇదే.
- ఒక్క పిరుదులో మొదలై తొడ వెనక్కి దిగే నొప్పి: ముందు ప్యాంటు వెనక జేబు చూడండి. పర్సు లేకపోతే సీటు ఒక పక్కకి ఒరిగి ఉండాలి.
- ఎడమ మోకాలు, ఎడమ తుంటి: క్లచ్. సీటు దూరంగా ఉంది, లేదా క్లచ్ గట్టిపడింది, లేదా గేరు మార్చాక కూడా పాదం క్లచ్ మీదే ఉంటోంది.
- కుడి కాలు ముందు వైపు, మోకాలికీ చీలమండకీ మధ్య: పాదాన్ని గాల్లో ఎత్తి పట్టుకుని యాక్సిలరేటర్ తొక్కుతున్నారు. సీటు బాగా దగ్గరగా ఉంది, లేదా మడమ నేల మీద సరైన చోట ఆనడం లేదు.
- కుడి తొడ బయటి వైపు: మోకాలు డోరు మీదికి వాలిపోతోంది. సీటు కుంగినప్పుడు ఇలా అవుతుంది, మందపాటి సీటు కవర్ తొడని బిగించినా అవుతుంది.

నాది మొదటి రకం, కుడి కాలే. గాజువాక దాటే వరకు ఏమీ ఉండేది కాదు, ఎన్ఏడీ దగ్గరికి వచ్చేసరికి తొడ కింద ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు ఉండేది.

## 2. ఇవి ఉంటే సీటు సంగతి తర్వాత, ముందు డాక్టరు

- ఒక్క పిక్కే వాచి, వేడిగా, ఎర్రగా ఉండి, నొక్కితే నొప్పి పుడుతుంటే ఆ రోజే చూపించుకోండి. రక్తనాళంలో గడ్డ కట్టినా ఇలాగే ఉంటుంది, దానికి మర్దనా చేయకూడదు. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ తోడైతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.
- పాదం పైకి లేవకపోవడం, నడుస్తుంటే ముందు పాదం ఈడ్చుకుపోవడం.
- తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం మీద పట్టు తప్పడం. ఇది నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిన విషయం.
- షుగర్ ఉన్నవాళ్లకి రెండు అరికాళ్లూ మంటలు పుడుతుంటే, అది కారు ఎక్కని రోజు కూడా ఉంటే, దానికి సీటుతో పనిలేదు.

## 3. దగ్గర పెట్టుకోవాల్సినవి

పెద్ద సామానేం అక్కర్లేదు.

- పిల్లల స్కూలు స్కేలు, 30 సెంటీమీటర్లది
- వంకర లేని కర్ర ఒకటి, సీటు వెడల్పుకి సరిపోయేది (చపాతీ కర్ర పొట్టి, చాలదు)
- పలచటి నూలు తువ్వాలు. టర్కీ టవల్ వద్దు, అది మెత్తగా అణిగిపోతుంది
- టార్చి, పాత టూత్ బ్రష్, ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ఉంటే అది
- కారుతో వచ్చిన మాన్యువల్. డాష్‌బోర్డు అరలో కవరు కూడా చింపకుండా ఉంటుంది చూడండి

కారుని చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. మన ఊళ్లో సగం వీధులు ఎత్తుపల్లాలే కదా. సీతమ్మధార వాలులో ఆపి సీటు సర్దితే అక్కడ బాగానే ఉన్నట్టుంటుంది, హైవే ఎక్కాక తేడా తెలుస్తుంది. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వాటితోనే కూర్చోండి.

## 4. సీటు సర్దే వరుస

మనలో చాలామంది ముందు బ్యాక్‌రెస్ట్ వాలుస్తారు, తర్వాత సీటు ముందుకో వెనక్కో జరుపుతారు, అంతటితో అయిపోయిందంటారు. చేయాల్సింది దీనికి తలకిందులు. కింద నుంచి పైకి రావాలి.

4.1 జేబులు ఖాళీ చేయండి. పర్సు, ఫోను, తాళాలు అన్నీ. వెనక జేబులో పర్సుతో కూర్చుంటే తుంటి ఒక పక్కకి లేస్తుంది, పిరుదు కింద నుంచి కాల్లోకి దిగే సయాటిక్ నరం మీద గంటలకొద్దీ ఒత్తిడి పడుతుంది. మా ఆఫీసులో ఒకాయనకి ఈ ఒక్కదానితోనే సరిపోయింది, ఇక మిగతావేవీ చేయలేదు.

4.2 వెనక్కి పూర్తిగా జరిగి కూర్చోండి. తుంటి బ్యాక్‌రెస్ట్‌కి ఆనాలి, మధ్యలో అరచేయి దూరేంత ఖాళీ కూడా ఉండకూడదు.

4.3 ఎత్తు. సీటు పక్కన ఎత్తు పెంచే లివర్ ఉంటే కొడుతూ పోండి. తుంటి ఎముక కనీసం మోకాలి ఎత్తులోకి రావాలి, ఇంకాస్త పైకి ఉన్నా మంచిదే. తలకీ పైకప్పుకీ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ మిగలాలి. కిందికి కూరుకుపోయి కూర్చుంటే కారు నడుపుతున్న దర్జా ఉంటుందేమో గానీ, మోకాళ్లు పైకి లేచి, బరువంతా తొడల వెనక పడుతుంది.

4.4 ముందుకీ వెనక్కీ. క్లచ్‌ని అడుగుదాకా తొక్కి పట్టండి. అప్పుడు మోకాలు కొంచెం వంగే ఉండాలి, పిరుదు సీటు మీద నుంచి జరగకూడదు, క్లచ్ అందుకోవడానికి కాలివేళ్లు చాచాల్సి రాకూడదు. ఆటోమేటిక్ కారైతే ఇదే పరీక్ష బ్రేకుతో చేయండి, గట్టిగా తొక్కి. ఎత్తు పెంచాక పెడల్స్ దూరమైనట్టు అనిపిస్తాయి, ఒకటి రెండు గాట్లు ముందుకి జరపాల్సి వస్తుంది. అందుకే ఎత్తు ముందు, దూరం తర్వాత.

4.5 ముందు అంచు. సీటు అంచుకీ మోకాలి మడతకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. దూరకపోతే అంచు మోకాలి వెనక నొక్కుతోందన్నమాట. పొట్టివాళ్లకి, ముఖ్యంగా అయిదడుగుల లోపు ఆడవాళ్లకి, ఈ బాధ ఎక్కువ. వాళ్లు చేసే తప్పు కింద దిండు వేసుకోవడం. దిండు వెనక పెట్టుకోవాలి, అంటే నడుముకీ బ్యాక్‌రెస్ట్‌కీ మధ్య, జారిపోకుండా కట్టి. అప్పుడు మనిషి ముందుకి వస్తాడు, అంచు దగ్గర ఖాళీ దొరుకుతుంది. దాంతో సీటుని ఒక గాటు వెనక్కి జరపాల్సి రావచ్చు, 4.4 మళ్లీ చూసుకోండి.

4.6 బ్యాక్‌రెస్ట్. నిటారుకి కాస్త వెనక్కి, 100 నుంచి 110 డిగ్రీలు. బాగా వాలిస్తే తుంటి ముందుకి జారుతుంది, జారితే మళ్లీ తొడ వెనకే ఒత్తిడి.

4.7 స్టీరింగ్. భుజాలు సీటుకి ఆనించే ఉంచి చేయి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. ఛాతీ ఎముకకీ స్టీరింగ్ మధ్యకీ కనీసం 25 సెంటీమీటర్ల దూరం, ఎయిర్‌బ్యాగ్ కోసం. కింది అంచు తొడలకి తగలకూడదు.

4.8 హెడ్‌రెస్ట్, అద్దాలు. హెడ్‌రెస్ట్ పైభాగం తల పైభాగంతో సమంగా ఉంటే చాలు. సీటు ఎత్తు మారింది కాబట్టి మూడు అద్దాలూ మళ్లీ సర్దుకోండి. ఇది మర్చిపోయి నేను మొదటి రోజు గురుద్వారా జంక్షన్ దగ్గర పక్కన వస్తున్న ఆటోని చూసుకోలేదు. ఆటో ఆయన ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

ఇలా మూడు రోజులు నడపండి. కొత్తలో వింతగానే ఉంటుంది, ఏళ్ల అలవాటు కదా. నొప్పి సగానికి పైగా తగ్గితే 6, 7 ఒకసారి చూసుకుని మిగతావి వదిలేయండి.

## 5. తువ్వాలు పరీక్ష

ఖర్చు సున్నా, తెలిసేది మాత్రం చాలా.

కారుకి ఎత్తు లివర్ లేకపోయినా, ఉండి కూడా తొడ వెనక నొప్పి తగ్గకపోయినా ఇది చేయండి. నూలు తువ్వాలుని పొడవుగా మడిచి సీటు వెనక భాగంలో, బ్యాక్‌రెస్ట్‌కి ఆనించి, సరిగ్గా పిరుదులు వచ్చే చోట పరవండి. వెనక నాలుగు మడతలు, ముందుకి వచ్చేసరికి రెండు, ఆ తర్వాత ఒకటి, అంటే మెట్లు మెట్లుగా పలచబడాలి. సీటు సగం దాటి ముందుకి రాకూడదు, తొడల కిందికి వస్తే పరీక్ష చెడినట్టే.

మరీ ఎత్తు పెట్టకండి. వేలి మందం చాలు. ఎత్తు మారింది కాబట్టి నడిపే ముందు పెడల్స్ అడుగుదాకా అందుతున్నాయో చూసుకుని, బెల్టు తుంటి ఎముకల మీద పడేలా, పొట్ట మీదికి పాకకుండా సర్దుకోండి.

మూడు రోజులు నడిపాక:

- నొప్పి తగ్గితే: మీ సీటు వెనక భాగం కుంగింది. 8వ దశకి వెళ్లొచ్చు.
- ఏమీ మారకపోతే: కుంగడం కాదు. 6, 7 చూడండి.
- ఎక్కువైతే: ఎత్తు మీకు సరిపోవడం లేదు. తువ్వాలు తీసేసి 4.3 నుంచి మళ్లీ.

దీనికి తోడు కర్ర పరీక్ష. కర్రని సీటు రెండు పక్క ఉబ్బుల మీదా అడ్డంగా పెట్టి, కూర్చునే గుంట అడుగుదాకా స్కేలు దించి కొలవండి. ఇప్పుడు అదే పక్క సీటులో చేయండి. రెండు సీట్లూ ఒకే రోజు ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి, ఒకదాని మీద రోజూ మీరు కూర్చుంటున్నారు, రెండోదాని మీద ఎప్పుడో ఆదివారం ఎవరో కూర్చుంటారు. అంటే కొత్త సీటు ఎలా ఉండేదో కొలవడానికి మీ కార్లోనే ఒక నమూనా ఉంది. నా కార్లో తేడా రెండున్నర సెంటీమీటర్లు వచ్చింది. నమ్మలేక మూడుసార్లు కొలిచాను.

గుంటలో మోకాలు పెట్టి నొక్కి కూడా చూడండి. ఒక సీటులో మెత్తగా దిగి ఆగిపోయి, ఇంకోదానిలో కింద కమ్మీ తగిలితే ఇక అనుమానం అక్కర్లేదు.

## 6. పట్టాలు: ఇసుక, తుప్పు

ఇది మన ఊరి స్పెషల్. ఆర్కే బీచ్, రుషికొండ, యారాడ, ఎక్కడికెళ్లినా కాళ్లకి ఇసుక అంటుకుని వస్తుంది, ఆ ఇసుక చేరేది సీటు జరిగే పట్టాల్లోకి. దానికి ఉప్పుగాలి తుప్పు తోడు. దాంతో సీటు ఒక గాటు దగ్గర ఇరుక్కుపోతుంది, "ఇక్కడే బాగుందిలే" అని మనమూ సర్దుకుపోతాం. సీటు మన మాట వినాలి గానీ సీటు మాట మనం వినడమేమిటి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. రెండు పట్టాల్లో ఒకదాని లాక్ మాత్రమే పడి రెండోది పడకపోతే సీటు కాస్త మెలి తిరిగి ఉంటుంది, ఒక తుంటి ముందుకి, ఒకటి వెనక్కి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సీటే జారొచ్చు.

1. సీటు పూర్తిగా వెనక్కి తోసి పట్టాల ముందు భాగం, పూర్తిగా ముందుకి లాగి వెనక భాగం వాక్యూమ్ చేయండి. లేదంటే బ్రష్‌తో ఊడ్చండి. చిల్లర నాణేలు, వేరుశనగ తొక్కలు, పెన్ను మూతలు దొరుకుతాయి.
2. తుప్పు ఉంటే డబ్ల్యూడీ-40 లాంటిది గుడ్డ మీద కొట్టి తుడవండి. నేరుగా పట్టాల మీద కొడితే వైర్ల మీద, కార్పెట్ మీద పడుతుంది.
3. పూర్తిగా తుడిచి ఆరాక తెల్ల లిథియం గ్రీజు పలచగా రాయండి. ఇంజిన్ ఆయిల్ పోయకండి, మళ్లీ ఇసుకంతా దానికే అంటుకుంటుంది.
4. సీటు జరిపి లివర్ వదిలాక నడుముతో ముందుకీ వెనక్కీ ఊగి చూడండి. టక్ మని రెండు పక్కలా పడాలి, కదలకూడదు.

ఊపినప్పుడు సీటంతా కదులుతుంటే పట్టాలు అరిగాయి, లేదా బోల్టు వదులైంది. అది మెకానిక్ పని, వాయిదా వేయొద్దు.

## 7. క్లచ్, మ్యాట్, కవర్

ఎడమ మోకాలి వాళ్లకి ముందు చెప్పేది: గేరు మార్చాక పాదం క్లచ్ మీద నుంచి తీసి పక్కన డెడ్ పెడల్ (ఎడమ పాదం ఆనించుకునే మెట్టు) మీద పెట్టండి. అది లేని కార్లలో మడమ నేల మీద ఆనించండి. సిగ్నల్ దగ్గర గేరు వేసి క్లచ్ తొక్కి పట్టుకుని నిలబడకండి, న్యూట్రల్ చేయండి. హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆ కాసేపూ క్లచ్ తొక్కి ఉంచితే మోకాలితో పాటు క్లచ్ కూడా అరుగుతుంది.

అదే మోడల్ కారు ఇంకొకరిది తీసుకుని క్లచ్ తొక్కి చూడండి. మీది బాగా గట్టిగా ఉంటే కేబుల్ ఎండిపోయి ఉండొచ్చు, లేదా ప్రెషర్ ప్లేట్ అరిగి ఉండొచ్చు. మెకానిక్‌కి చూపించకుండా మోకాలికి బెల్టు కట్టుకుని తిరిగే వాళ్లని చూశాను.

మ్యాట్ సంగతి. ఆ 7డి మ్యాట్లు చూడ్డానికి బాగుంటాయి గానీ మందం ఎక్కువ. మడమ పైకి లేచి, పాదం పెడల్ మీద పడే కోణమే మారిపోతుంది. ఒక వారం తీసేసి నడిపి చూడండి. మ్యాట్ మీద మ్యాట్ అసలే వేయకండి, జారి పెడల్ కింద దూరితే కాలు నొప్పి గురించి ఆలోచించే తీరిక కూడా ఉండదు.

మందపాటి సీటు కవర్లు కూడా అంతే. స్పాంజి కుట్టిన రెగ్జిన్ కవర్ పక్క ఉబ్బులతో తొడలని దగ్గరికి నొక్కుతుంది, ముందు అంచుని ఇంకా పైకి లేపుతుంది. కవర్ వేయించాకే నొప్పి మొదలైతే కవర్ తీయించేయండి, డబ్బులు పోయాయని బాధపడి కాలు పోగొట్టుకోకండి.

## 8. సీటు విప్పడం

తువ్వాలుతో తగ్గి, కర్ర పరీక్షలో తేడా వస్తేనే ఇక్కడికి రండి.

ముందు ఒక హెచ్చరిక. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ ఉన్నా, సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఉన్నా సొంతంగా విప్పకండి. ఆ కనెక్టర్ సైడ్ ఎయిర్‌బ్యాగ్‌దో, బెల్టుని లాగి పట్టేదానిదో అయి ఉంటుంది. సర్వీస్ సెంటర్‌లో సీటు దింపించుకుని, కుషన్ పని అయ్యాక అక్కడే బిగించుకోండి. అలాంటి సీటుకి బ్యాక్‌రెస్ట్ కవర్ కూడా ఏది పడితే అది వేయకూడదు, ఎయిర్‌బ్యాగ్ చీల్చుకుని రావడానికి దారి ఉండాలి.

ఏ ఎయిర్‌బ్యాగూ లేని పాత సీటైతే సర్వీస్ మాన్యువల్ చూసి చేయొచ్చు, లేదా నాలాగా కుషన్ వర్క్స్ దగ్గర కూర్చుని చేయించుకోవచ్చు. నేను గాజువాక ఆటోనగర్‌లో చేయించాను. అక్కడ పెద్దాయన సీటు గుంటలో అరచేయి పెట్టి నొక్కి, "ఏటి బాబూ, సీటు మీద కూకున్నారా, సీట్లోకి కూరుకుపోనారా?" అన్నాడు. అప్పటికి నేను కొలతలన్నీ రాసిన కాగితం తీసి చూపించబోతున్నాను. చూడలేదు.

దింపే వరుస ఇది:

1. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి పది నిమిషాలు ఆగాలి. కరెంటుతో జరిగే సీటైతే ముందే జరుపుకుని ఉంచుకోవాలి, తర్వాత కదలదు.
2. సీటు వెనక్కి తోసి ముందు రెండు బోల్టులు, ముందుకి లాగి వెనక రెండు.
3. సీటు వెనక్కి వాల్చి కింద వైర్లని ఫోటో తీసుకుని, అప్పుడు ఊడదీయాలి. బెల్టు వైరు ఊడి ఉండగా తాళం తిప్పితే డాష్‌బోర్డులో హెచ్చరిక దీపం పట్టుకోవచ్చు, కొన్ని కార్లలో స్కానర్ పెడితే గానీ పోదు.
4. కవర్ కింద అంచుల్లో ప్లాస్టిక్ పట్టీలతో, మధ్యలో ఇనుప రింగులతో పట్టి ఉంటుంది. రింగులు కత్తిరించి తీస్తారు, కొత్తవి వేస్తారు.

కవర్ తీశాక నా సీటులో కనిపించింది ఇది. డోరు వైపు వెనక మూల ఫోమ్ నలిగిపోయి, వేలితో గీకితే పసుపు పొడిగా రాలుతోంది. రోజూ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మనం ఒరుసుకునేది ఆ మూలనే. కింద వంకీల స్ప్రింగు వైర్లలో ఒకటి కొక్కెం నుంచి ఊడి ఫోమ్‌లోకి దిగబడి, కత్తితో కోసినట్టు గాడి చేసింది. అందుకే కుడి తుంటి కిందికి దిగి, కుడి తొడ అంచు మీద వేలాడుతోంది. మూడు కుషన్లు ఆ గుంట మీదే వేశాను, గుంట ఆకారంలోనే అవీ కూర్చున్నాయి.

బాగు చేయించాల్సిన తీరు:

- ముందు స్ప్రింగు. ఊడిన వైరు కొక్కేనికి తగిలించాలి, విరిగితే మార్చాలి. స్ప్రింగు వదిలేసి ఫోమ్ మార్చితే కొత్త ఫోమ్‌ని కూడా అది కోసేస్తుంది.
- వైర్లకీ ఫోమ్‌కీ మధ్య మందపాటి కాన్వాస్ లేదా నమ్దా (ఒత్తి చేసిన ఉన్ని) గుడ్డ ఒక పొర వేయాలి.
- రాలిపోయిన ఫోమ్ వరకు కోసి తీసి కొత్త ముక్క అతికించాలి.
- ఎత్తు కోసం వేసే పొర పాత ఫోమ్ అడుగున వేయాలి, పైన కాదు. పైన వేస్తే సీటు ఆకారం పోతుంది. వెనక మందంగా ఉండి ముందుకి వచ్చేసరికి కాగితంలా పలచబడాలి, తువ్వాలుతో చేశాం చూడండి, అలాగే. నాకు వెనక రెండు సెంటీమీటర్లు వేశారు.
- బరువు పడే చోట జిగురు మందంగా పూస్తే ఆరాక గట్టి పెంకు కడుతుంది, కూర్చుంటే గుచ్చుకుంటుంది. అంచుల్లో పలచగా చాలు.
- మన ఊరి తేమకి జిగురు త్వరగా ఆరదు. కవర్ వేసే ముందు నీడన బాగా ఆరనివ్వమని చెప్పండి, తొందరపెట్టకండి.

బిగించేటప్పుడు నాలుగు బోల్టులూ ముందు చేత్తో నాలుగైదు చుట్లు తిప్పాలి, ఆ తర్వాతే స్పానర్. ఎంత బిగువు ఉండాలో సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రకారం టార్క్ రెంచ్‌తో బిగించమనండి. బండి గుద్దుకుంటే మిమ్మల్ని పట్టి ఉంచేవి ఆ నాలుగు బోల్టులే.

## 9. ఫోమ్ షాపులో మోసపోకుండా

"మెత్తగా ఉండాలి" అని అడిగితే మెత్తటిదే ఇస్తారు, నెలలో అణిగిపోతుంది. డెన్సిటీ, అంటే ఫోమ్ ఎంత దట్టంగా ఉందో చెప్పే అంకె, అడగండి, 40కి తక్కువ తీసుకోకండి. కాకపోతే డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. డెన్సిటీ ఎక్కువున్నా మెత్తగా ఉండే ఫోమ్ ఉంటుంది. అందుకని ముక్క నేల మీద పెట్టి మోకాలు వేసి నిమిషం పాటు బరువు మోపండి. మోకాలికి నేల తగిలితే వద్దు. లేచిన వెంటనే అది పాత ఆకారానికి రావాలి.

మెమరీ ఫోమ్ వద్దంటాను. వేడికి మెత్తబడడం దాని గుణం. మే నెల ఎండలో గంట పార్క్ చేసిన కారులో కూర్చుంటే అది మైనంలా లొంగిపోతుంది. తుక్కు ముక్కలు అతికించి చేసే రంగురంగుల రీబాండెడ్ ఫోమ్ పూర్తి సీటుకి పనికిరాదు, రాయిలా ఉంటుంది. అడుగున పలచటి పొరగా వేస్తే మాత్రం బాగా ఆగుతుంది.

డబ్బులిచ్చే ముందు:

- [ ] రెండు వైపులా కర్ర, స్కేలు పెట్టి కొలిచారా? పక్క సీటుతో సరిపోయిందా?
- [ ] ముందు అంచు ఎత్తు పెరగలేదు కదా?
- [ ] సీటు ముందుకీ వెనక్కీ జరిగి రెండు పక్కలా లాక్ పడుతోందా?
- [ ] బెల్టు బకిల్ సీటు కింద ఇరుక్కోలేదు కదా? క్లిక్ మంటోందా?
- [ ] డాష్‌బోర్డులో ఏ దీపం వెలగడం లేదు కదా?

## 10. వీటి జోలికి పోకండి

సీటు బోల్టుల కింద వాషర్లు పేర్చి వెనక భాగం లేపడం. చాలామంది చెప్పే చిట్కా ఇది, ఫలితం కూడా వెంటనే కనిపిస్తుంది, కానీ బోల్టు మరలు తక్కువ లోతుకి పట్టి గుద్దుకున్నప్పుడు ఊడొచ్చు. పట్టాలకి వెల్డింగ్ పెట్టడం కూడా అంతే.

జారే కుషన్ మీద కూర్చోవడం. బ్రేకు వేస్తే కుషన్‌తో పాటు మీరూ ముందుకి జారి బెల్టు కిందికి వెళ్తారు.

నొప్పి మాత్ర వేసుకుని అదే సీటులో నడపడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

## 11. నడిపి చూడడం

ఒక్క రోడ్డు మీద చూసి తేల్చకండి, రెండు రకాలుగా చూడాలి.

సాయంత్రం ఆరున్నరకి ఎన్ఏడీ నుంచి గాజువాక వైపు ఒకసారి. క్లచ్, బ్రేకు, క్లచ్, బ్రేకు. ఎడమ మోకాలి సంగతి ఇక్కడే తేలుతుంది. ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఒకసారి. కుడి కాలు ఒకే కోణంలో చాలాసేపు ఉంటుంది కాబట్టి తొడ వెనక ఒత్తిడి ఉంటే ఈ దారిలో బయటపడుతుంది. ఈ రెండింటిలో బాగుంటేనే అరకు పెట్టుకోండి. పైన ఘాట్‌లో అంతా రెండో గేరే, ఎస్.కోట దగ్గర ఆగి కాళ్లు చాపుకుని ఎక్కండి. ఎంత మంచి సీటైనా రెండు గంటలకోసారి దిగి అయిదు నిమిషాలు నడవాల్సిందే, పిక్కల్లో రక్తం కదలాలి.

కొత్త ఫోమ్ మొదటి రెండు వారాల్లో కాస్త అణుగుతుంది. అప్పుడు మళ్లీ కర్ర పెట్టి కొలిచి, 4.3 నుంచి 4.8 దాకా మళ్లీ సర్దుకోండి.

సరైన చోటు దొరికాక పట్టా పక్కన తెల్ల పెయింట్‌తో ఒక చుక్క పెట్టుకోండి, ఎత్తు లివర్ అడుగు నుంచి ఎన్నిసార్లు కొట్టాలో రాసి పెట్టుకోండి. నాది ఏడు. మా బావమరిది ఆరడుగుల మనిషి, కారు తీసుకెళ్లి తెచ్చిన ప్రతిసారీ సీటు డిక్కీ దాకా తోసి, పడుకోబెట్టి ఇస్తాడు. చుక్క దాకా లాగి, ఏడు కొట్టి, అద్దాలు సర్దుకుని బయల్దేరుతాను.